మేళం ఎవరి గుమ్మానికి?

బయల్దేరామండీ ప్రసన్నగారూ అని సీతారామలక్ష్మిగారు ఫోను పెట్టేసి ఎంతసేపయిందో, నేనింకా రిసీవరు పట్టుకునే నిలబడి ఉన్నాను. బయల్దేరడమంటే ఇంటి దగ్గర్నుంచా, గుడి దగ్గర్నుంచా? ఇంటి దగ్గర్నుంచయితే ఇంకా టైముంది, డోలువాళ్ళు ప్రతి మలుపులోనూ ఆగి వాయిస్తారు, ఆడవాళ్ళు ఈ వైశాఖం ఎండకి నీడ కనపడ్డచోటల్లా నిలబడిపోతారు. భీమేశ్వరుడి గుడి దగ్గర్నుంచయితే ఎంతోసేపు పట్టదు. అడగాల్సింది. అడిగేలోపలే పెట్టేశారు. చేతులు కడుక్కోవాలి, సున్నం గోళ్ళలో ఉండిపోయింది. చీర మార్చుకున్నానా? మార్చుకున్నాను, ఇదే కదా చిలకపచ్చ నేతచీర, మొన్న ఈస్టరుకి కట్టింది. మరి పెళ్ళివాళ్ళు మేళంతో వచ్చేసరికి బొట్టు లేకుండా గుమ్మంలో నిలబడితే ఏం బాగుంటుంది? పెట్టుకుంటే మాత్రం ఏం బాగుంటుంది, ఇన్నేళ్ళొచ్చాక ఇవాళ కొత్తగా? ఛ, ఇదా ఇప్పుడు ఆలోచించేది. ముందు ఆ రిసీవరు పెట్టు.

పెట్టాను. వరండాలోకి వచ్చాను. కుండలు ఉన్నాయి, ఎక్కడికి పోతాయి, పొద్దుట్నుంచి ఇలా వచ్చి చూసిపోవడమే పనయింది నాకు. పెద్దవి కింద, వాటి మీద చిన్నవి, ఆ పైన మూతలు. సున్నం కొట్టి, ఎర్రమట్టి జాజుతో గీతలు గీసి, పసుపు బొట్లు పెట్టాను. మా వైపు పెళ్ళంటే అరివేణి కుండలు ఉండాలి. అవి బజార్లో కొనుక్కొచ్చి పందిట్లో పెట్టేవి కావు. పెళ్ళివారి ఆడవాళ్ళు మేళంతో కుమ్మరివారింటికి వెళ్ళాలి, సారెకి, అదే, కుండలు చేసే చక్రానికి పసుపు రాసి బొట్టు పెట్టాలి, ఆ ఇంటి ఇల్లాలికి చీర, తాంబూలం ఇవ్వాలి, ఆవిడ తన చేత్తో ఇస్తే తీసుకోవాలి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, వీధి చివర నిలబడి, అది వాళ్ళది, మనకి కాదు అనుకుంటూ చూసినదే. ఇవాళ ఆ మేళం మా ఇంటికొస్తోంది. యెహెజ్కేలు మాస్టారి కూతురింటికి, ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు చెప్పి మానేసి మట్టి పిసుక్కుంటున్న ప్రసన్నకుమారి ఇంటికి, బాప్టిస్టు చర్చిలో రెండో వరసలో కూర్చునే మనిషింటికి. నవ్వొస్తోంది. నవ్వు కాదేమో.

అంతా బాగానే ఉంది కానీ సూరమ్మ ముగ్గెందుకేసింది? మా పెరటి తలుపు తీస్తే కుమ్మరి వీధి, ఎదురుగుండా సూరమ్మ ఇల్లు. ఆ వీధిలో తక్కినవాళ్ళంతా ఆటోలు కొనుక్కున్నారు, తణుకు ఫ్యాక్టరీకెళ్ళారు, ఒకాయన సెంటర్లో ప్లాస్టిక్ బిందెల కొట్టు పెట్టాడు. మేళం వచ్చే ఇల్లు ఇంకా ఏదైనా ఉందంటే అది సూరమ్మదే. పొద్దున్న కుడితి పారబొయ్యడానికి తలుపు తీశాను కదా, ఆవిడ అరుగు అలికేసి ఉంది, ముగ్గేసి ఉంది, గుమ్మానికి మావిడాకులు కూడా. చూసి గబుక్కున తలుపేసుకున్నాను, నేనేదో తప్పు చేసినట్టు. నేనేం తప్పు చేశాను? దాచలేదే! సీతారామలక్ష్మిగారి మధులత పెళ్ళికి కుండలు నన్ను చెయ్యమన్నారు సూరమ్మా అని నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ వక్క కొరుకుతోంది. కొరకడం ఆపలేదు. "ఆయ్, మంచిదేనండి పంతులమ్మగారూ, చేసుకోండి," అంది. అంతే. దాన్ని నేను ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో. మంచిదే అంటే నిజంగా మంచిదనా, నా పొట్ట కొట్టి నువ్వు బాగుపడు అనా? చేసుకోండి అంటే చెయ్యమనా, మీ ఇష్టం వచ్చినట్టు తగలడండి అనా? మా గోదారోళ్ళతో ఇదే చావు, అండీ గారూ అంటూ ఎంత మర్యాదగా మాట్లాడతారో, లోపల ఏముందో దేవుడికి కూడా అందదు. నేనూ అంతే అనుకోండి. కోపమొచ్చినప్పుడే నాకు మర్యాద ఎక్కువవుతుంది.

వద్దని ఎందుకు చెప్పలేకపోయాను? నాకు కావాలి. అంతే, ఇంకేం లేదు, నాకు ఆ మేళం కావాలి. చెప్తే నవ్వుతారు గానీ నేను చేసేవన్నీ తినడానికీ తాగడానికీ. కప్పులు, పళ్ళేలు, పులుసు గిన్నెలు, ఆవకాయ జాడీలు. పాండిచ్చేరి దగ్గర ఒక వర్క్‌షాపులో నేర్చుకుని, స్కూలు మానేసి వచ్చి, నాన్న గొడ్లపాకలో మోటారు చక్రం బిగించుకుని, పెరట్లో కిరసనాయిలు బట్టీ కట్టుకున్నాను. ఊళ్ళోవాళ్ళు వస్తారు, ఎంత బాగున్నాయండీ అంటారు, తీసుకెళ్తారు, తీసుకెళ్ళి షోకేసులో పెడతారు, టీవీ పక్కన, పాలరాతి తాజ్‌మహల్ పక్కన. టీ మాత్రం స్టీలు గ్లాసులోనే. నాకు ఒళ్ళు మండి, శనివారం సాయంత్రం ఎవరొచ్చినా టీ పోస్తాను, తాగిన కప్పు వాళ్ళదే అని మొదలెట్టాను. ఏం చేశారంటారు? టీ గ్లాసులో పొయ్యండమ్మా, కప్పు పేపర్లో చుట్టి ఇవ్వండి అన్నారు! మా పాస్టరుగారు మాత్రం తక్కువ తిన్నారా? ప్రభు బల్లకి, అదే, చర్చిలో ద్రాక్షరసం పంచడానికి, బుల్లి బుల్లి కప్పులు చేసిచ్చాను, పెదవికి గరుకు తగలకుండా ఒక్కొక్క అంచూ వేలితో నిమిరి నిమిరి చేశాను. సంఘమంతటి ముందూ ప్రార్థన చేసి అందుకున్నారు, గాజు బీరువాలో పెట్టి తాళం వేసేశారు. పగిలిపోతాయి కదమ్మా అన్నారు. పగలనివ్వండి పాస్టరుగారూ, నేనింకా బతికే ఉన్నాను కదా, మళ్ళీ చేస్తాను. ద్రాక్షరసం ఇప్పటికీ ప్లాస్టిక్ వాటిల్లోనే తిరుగుతోంది.

ఊరు మొత్తానికి మధులత ఒక్కతే. సీతారామలక్ష్మిగారి అమ్మాయి, నా దగ్గర డ్రాయింగు నేర్చుకున్న పిల్ల. రోజూ కాఫీ నా కప్పులోనే తాగేది. ఒకరోజు పరిగెత్తుకుంటూ వచ్చి, ఆంటీ, చెవి విరిగిపోయిందాంటీ, కడుగుతుంటే జారిపోయిందాంటీ అని ఏడుపు. నాకెంత సంతోషమేసిందో! పిచ్చిదానా, వాడితేనే కదే విరిగేది అని దాన్ని పట్టుకుని ముద్దు పెట్టేసుకున్నాను. ఆ పిల్లే మొన్న పెళ్ళి కుదిరాక వచ్చి, మా అరివేణి కుండలు మీరే చెయ్యాలాంటీ అంది. అంటే ఏంటో దానికి తెలుసా? వాళ్ళమ్మకి తెలుసు, అయినా సరేనన్నారు, మేళం మీ ఇంటికే తెస్తాం ప్రసన్నగారూ, పద్ధతంటే పద్ధతే అన్నారు. వాళ్ళ మేనత్త అచ్చాయమ్మగారు మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నారు. నేను చూడనట్టే చూశాను. తిప్పుకోనీ. పందిట్లో పెడతారు, పూజ చేస్తారు, పిల్ల వాటి ముందు కూర్చుంటుంది. షోకేసులో పెట్టడానికి వీల్లేని వస్తువు నా చేత్తో చేస్తున్నానంటే ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

నాన్న ఉంటే ఏమనేవాడో. నా మోటారు చక్రానికి పసుపు రాసి బొట్టు పెడతారు ఇప్పుడు, వచ్చి. ప్లగ్గు పీకేసి ఉంచాను, పసుపునీళ్ళు మోటార్లోకి పోతే నా పని అయిపోతుంది. కాలితో తొక్కే పెడలుకి కూడా పెడతారా? దానికి దణ్ణం పెడుతుంటే నేనెక్కడ నిలబడాలి, పక్కనా, వెనకాలా, నేనూ చేతులు జోడించాలా? యెహెజ్కేలు మాస్టారు బైబిలు చదువుతూ కళ్ళజోడు మీదుగా చూసేవాడు, కోపమో నవ్వో అమ్మకి కూడా తెలిసేది కాదు. ఆదివారం చర్చిలో ఎవరైనా అడిగితే? అడగరు. అడగకుండా చూస్తారు. దేవుడు మట్టి ముద్దతోనే మొదలెట్టాడు కదా మనిషిని, ఆయనకి నా చక్రం మీద పసుపుంటే అభ్యంతరమా? ఇలాంటివి నేను నాకే చెప్పుకుంటాను, పైకి అంటే పాస్టరుగారు మా ఇంటికొచ్చి ప్రార్థన పెడతారు.

డోలు. వినపడిందా? వినపడింది. సెంటర్ దాటినట్టున్నారు. సన్నాయి కూడా, ఏదో పాత సినిమా పాట, గాలికి తెగిపోయి వస్తోంది. చెయ్యి కడుక్కోలేదు ఇంకా. కడుక్కుందామని పెరట్లోకెళ్ళాను, కుళాయి తిప్పబోయి తలుపు తీశాను, ఎందుకు తీశానో నాకే తెలీదు. సూరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఉతికిన చీర, తలకి నూనె, మెళ్ళో ఎప్పుడూ చూడని గొలుసు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక ఊరుకోలేకపోయాను.

"ఏంటి సూరమ్మా, ముగ్గేశావు?"

"మేళం వస్తంది కదండి."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటండీ! కుండల మేళం మా గుమ్మానికి రాక ఇంకెక్కడికెళ్తదండి?" అని నా వెనకాల వరండా వైపు తొంగి చూసింది. "అయ్యింకా అక్కడే ఉంచారేంటండి? ఆళ్ళొచ్చేత్తన్నారు. తెచ్చెయ్యండి, తెచ్చెయ్యండి."

తలుపు మూయకుండానే వెనక్కి వచ్చేశాను. తెచ్చెయ్యాలా? ఆవిడ కోసం చేశానా నేను? ఆవిడకి చేసిపెట్టే మనిషిననుకుందా? ఆ రోజు మంచిదేనండి చేసుకోండి అన్నదాని అర్థం ఇదా, మీరు చెయ్యండి, నేనిస్తాను అనా? ఎవరు చేస్తేనేం, ఇచ్చేది మా గుమ్మమే అన్న ధైర్యమా అది? లేకపోతే అంతా తెలిసే ఇప్పుడు ఆడుతోందా నాతో? పొద్దుట్నుంచి ముగ్గేసుకుని కూర్చుంటే పంతులమ్మకి సిగ్గేసి తెచ్చిస్తుందిలే అనుకుందా? చూస్తే అలా లేదు. చూస్తే ఎవరైనా ఎలా ఉంటారు! నేను మాత్రం, చూస్తే, నలుగురి కోసం కప్పులు చేసుకునే అమాయకురాలిలా ఉంటాను. నాకు ఒళ్ళంతా కోపం వచ్చేసింది, ఎవరి మీదో తెలియట్లేదు. నా చేతులు నొప్పెట్టాయి, నా బట్టీ, కుండలు కాలుస్తున్న రోజు గాలివానొస్తే గొడుగు పట్టుకుని బట్టీ పక్కన నిలబడింది నేను. వాళ్ళు చెప్పి వస్తున్నది నా గుమ్మానికి. నేను తలుపేసుకుని కూర్చుంటే చాలు, ఏమీ చెయ్యక్కర్లేదు, మేళం తిన్నగా ఇక్కడికే వచ్చి ఆగుతుంది. సూరమ్మ సంగతి? మేళం ఆవిడ గుమ్మం ముందునుంచే కదా తిరగాలి మా వీధిలోకి. డోలు దగ్గరకొస్తుంది, ఆవిడ లేచి నిలబడుతుంది, పమిట సర్దుకుంటుంది, చేతులు ముందుకి కూడా చాస్తుందేమో. వీధంతా అరుగుల మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. మేళం ఆగదు. ఆ తరవాత ఆ మావిడాకులు ఆవిడే తీసుకోవాలి కదా. అయితే నేనేం చెయ్యను, నాకొక్క రోజు కూడా వద్దా? నాకు పేరక్కర్లేదు, వాడుకుంటే చాలు అని శనివారం శనివారం అందరికీ చెప్పేదాన్ని కదా, అబద్ధం. నాకు పేరూ కావాలి. అచ్చాయమ్మగారు నా గుమ్మంలో వంగి నా చేతికి తాంబూలం ఇవ్వడం కావాలి. ఇప్పటిదాకా ఇది నాకు తెలీదు. ప్రభువా, ఇంత చిన్న బుద్ధా నాది?

డోలు ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి దగ్గరగా, మేదరవాళ్ళ మలుపు దగ్గరనుకుంటాను. నేను నిర్ణయం అంటూ ఏమీ తీసుకోలేదు. తీసుకున్నట్టు గుర్తు లేదు. పెద్ద కుండ నా చంకలో ఉంది, ఇంకోటి ఇంకో చంకలో, చిలకపచ్చ చీరంతా సున్నం, పెరట్లో తులసి మొక్కల్ని తొక్కుకుంటూ పోతున్నాను. సూరమ్మ అరుగు మీద దింపాను, ఆవిడ ఇలా పెట్టండి, కాస్త ఇటండి అని చూపిస్తోంది. మళ్ళీ వెనక్కి. చిన్నవి కొంగులో, మూతలు పళ్ళెంలో. ఒక మూత అంచు రాలింది, చూసుకోడానికి టైము లేదు. వెనక్కి ఎందుకు తిరుగుతున్నానో, ముందుకెందుకు పోతున్నానో తెలీకుండానే అన్నీ అయిపోయాయి. వరండా ఖాళీగా ఉంది, సున్నం గుండ్రాలు మిగిలాయి నేల మీద. అప్పుడొచ్చింది ఏడుపు. ఏడవడానికి కూడా వ్యవధి లేదు, వీధి మొగలోకి పరిగెత్తాను.

"ఇటు, ఇటు," అని చెయ్యి ఊపాను డోలువాళ్ళకి. సీతారామలక్ష్మిగారు మొహం మీద చెమట తుడుచుకుంటూ ముందుకొచ్చారు. "ఏంటండీ ప్రసన్నగారూ, మీ ఇంటికన్నాం కదా?" అన్నారు. "కుండలు సూరమ్మ దగ్గరున్నాయండి, అక్కడే తీసుకోండి," అన్నాను. ఇంకేదో చెప్పాలనుకున్నాను గానీ సన్నాయివాడు పాటందుకున్నాడు. వెనకాల అచ్చాయమ్మగారు, "నే ముందే చెప్పలా, కుమ్మరివారింటికి కాక ఎక్కడికెళ్తామే," అని నా వైపు మొదటిసారి ప్రేమగా చూశారు. నేను వాళ్ళతోపాటే నడిచాను, చేతుల్లో ఏమీ లేవు, ఏం చెయ్యాలో తోచక కొంగుతో సున్నం దులుపుకుంటూ నడిచాను.

సూరమ్మ సారె లోపల మూల ఉంది. మీద గోనెపట్టా తీశారు. ఆడవాళ్ళు పసుపు రాస్తున్నారు, బొట్లు పెడుతున్నారు, పాట పాడుతున్నారు, ఎవరి హడావుడి వాళ్ళది, నేనొక్కదాన్నే చూశాను. ఆ చక్రం మీద మట్టి ఎండి, పెచ్చులు లేచి, మధ్యలో సాలెగూడు. అది తిరిగి ఎన్నాళ్ళయిందో. మరి పోయినేడాది పెళ్ళిళ్ళకి కుండలు? ఎక్కణ్ణుంచి తెప్పించిందో, ఎవరి కాళ్ళు పట్టుకుందో. సీతారామలక్ష్మిగారు చీర, తాంబూలం ఉన్న పళ్ళెం అందించారు. సూరమ్మ అరచేతుల మీద పెట్టించుకుంది, వేళ్ళు మూసుకోలేదు. నాకు అప్పుడు తెలిసింది, ఆవిడ వేళ్ళు మూసుకోవు. వక్క కొరికేటప్పుడు రెండు మణికట్ల మధ్య పట్టుకుంటుంది, నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఏదో వయసు అనుకున్నాను. పొద్దుటి ముగ్గు కూడా ఎవరిచేతో వేయించుకుని ఉంటుంది. పెద్ద కుండ ఎత్తడానికి వంగింది. లేచింది, జారబోయింది. నేను దగ్గరకెళ్ళి కింద చెయ్యి పెట్టాను. నా అరచేతిలో నా కుండ బరువు, పైన ఆవిడ మోచేతులు, అలా ఇచ్చాం. అచ్చాయమ్మగారు అందుకుని వేలితో కొట్టి చూశారు. ఖంగుమంది. "ఎంతైనా కుమ్మరి చేతి కుండే వేరు సూరమ్మా," అన్నారు.

సూరమ్మ కాదనలేదు. నా వైపు చూడనూ లేదు. "మా ఇంటి కుండ అలాగే ఉంటదండి," అంది.

మా ఇల్లు అంటే ఏ ఇల్లు? నన్ను కూడా కలుపుకుందా, నన్ను మింగేసిందా? అడగాలనిపించింది, అందరి ముందూ గట్టిగా అరవాలనిపించింది, అది నాది, దాని కడుపులో నా వేళ్ళ గీతలుంటాయి చూసుకోండి అని. అదే నోటితో నవ్వుతున్నాను కూడా, నవ్వు ఆగట్లేదు, ఎందుకంటే ఆడవాళ్ళు కుండల్ని ఎత్తుకుంటున్నారు, చంకల్లోకి, తలల మీదికి, ఎంత మోటుగా, ఎంత మామూలుగా ఎత్తుకుంటున్నారో. ఒకావిడ మూతలో తమలపాకులు పడేసుకుంది. ఒకావిడ చెమట చేత్తో నా జాజు గీత చెరిపేసింది, అయ్యో అని కూడా అనుకోలేదు. జాగ్రత్త అని ఎవరూ అనలేదు. నేను చేసిన వస్తువుల్ని నా ఎదుట జాగ్రత్తపడకుండా పట్టుకున్నవాళ్ళు వీళ్ళే మొదటివాళ్ళు. మేళం కదిలింది. సీతారామలక్ష్మిగారు వెళ్తూ వెళ్తూ నా భుజం నొక్కారు, ఏం అర్థమై నొక్కారో ఆవిడకే తెలియాలి.

డోలు దూరమయ్యాక అరుగు మీద మేమిద్దరమే. సూరమ్మ ఆ చీర మడత విప్పలేదు, ఒళ్ళో పెట్టుకుంది. ఇస్తుందేమో, సగం నీదే పంతులమ్మా అంటుందేమో అనుకున్నాను, ఇస్తే తీసుకోకూడదని కూడా అనుకున్నాను. ఇవ్వలేదు. వీధి వైపే చూస్తూ అంది.

"వచ్చే లక్ష్మారం కోటిపల్లి పెళ్ళోళ్ళొస్తారండి. కుండలు కాస్త బారుగా కావాలంటన్నారు. చేత్తారు కదండీ?"

ఆవిడ గొంతులో బతిమాలడం ఉందో, పని చెప్పడం ఉందో వెతికాను. దొరకలేదు. లేదు సూరమ్మా, ఇక నేను చెయ్యను అనాలి. చేస్తాను కానీ నా గుమ్మంలో నేనే ఇస్తాను అనాలి. ఎవరి పేరు చెప్తావు అని అడగాలి. ఇవన్నీ వరసగా నోటిదాకా వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, "బారుగా అంటే ఎంత?" అన్న మాట ఎవరిదో అనుకున్నాను, నాదే.

సూరమ్మ తన మోచేయి దగ్గర్నుంచి వంగిన వేళ్ళ దాకా చూపించింది. నేను నా చెయ్యి దాని పక్కన పెట్టి కొలుచుకున్నాను.